నాటకం ఆడించడం వేరు, నాటకంతో నేర్పడం వేరు

(మన సంఘం ఆదివారపు తెలుగు తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో, ఖుర్దారోడ్డులో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. మూటలు తూయించడం, రసీదులు రాయడం నా వృత్తి. అటువంటివాణ్ణి భాష నేర్పే పద్ధతిని గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు నాకు కాళ్ళు వణికాయి. నా భయం చూసి ఆయన, "నీకు తెలిసింది చెప్పవయ్యా, చాలును. తెలియనిది చెప్పడానికి వుగాదికి ముఖ్య అతిథులు యెలాగూ వస్తారు" అన్నారు. ఆ ధైర్యంతో మీ ముందు నిలబడ్డాను.

మన సంగతి మనకు తెలియనిది కాదు. 1893–1896 సంవత్సరాల మధ్య యీ తూర్పు తీరపు రైలుదారి పడింది. ఆ దారిని పట్టుకునే మనలో చాలామంది పెద్దలు ఇక్కడికి చేరుకున్నారు. మా తాతగారు గ్యాంగులో పనిచేశారు. మా నాన్నగారు లోకో షెడ్డులో పనిచేశారు. నేను పార్సిల్ ఆఫీసులో వున్నాను. మూడు తరాలు గడిచాయి. నేను చదువుకున్నది ఒడియా బడిలోనే. ఒడియా నాకు అన్నం పెట్టిన భాష, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మన పిల్లలు ఒడియా చక్కగా చదవాలి, రాయాలి, దానిలో మంచి మార్కులు తెచ్చుకోవాలి. అయితే తెలుగు సంగతేమిటి? మనకు అది మాతృభాష. మన పిల్లలకు అది క్రమంగా పరాయిభాష అవుతున్నది. ఈ మాట కటువుగానే వుంటుంది. కాని పరాయిభాష అయిపోయిందని ఒప్పుకుంటేనే దానిని నేర్పే పద్ధతి వెతుక్కుంటాము. "మన రక్తంలో వున్న భాష గదా, దానంతట అదే వస్తుంది" అని చేతులు ముడుచుకు కూర్చుంటే రాదు. నాకు యీ సంగతి మా ఇంట్లోనే తెలిసింది.

నాలుగేళ్ళ కిందటి మన వుగాది సభ మీలో చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో పిల్లల చేత ఒక చిన్న పౌరాణిక నాటిక ఆడించాము. అందులో మా అమ్మాయి సత్యభామ. దానికప్పుడు యెనిమిదేళ్ళు. తెలుగు అక్షరాలు రావు కాబట్టి సంభాషణలన్నీ ఒడియా లిపిలో రాసిచ్చాను. నెల రోజులు పొద్దునా సాయంత్రం వల్లె వేయించాను. సభ నాడు ఒక్క మాట తడబడలేదు. చప్పట్లు మోగాయి. కప్పు ఇచ్చారు. ఆ కప్పు ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే వుంది.

శ్రీకాకుళం జిల్లాలో మా అన్నగారి దగ్గర వుంటున్న మా అమ్మ ఆ వుగాదికి వచ్చింది. ముందు వరుసలో కూర్చుని చూసింది. నాటిక అయిన తరువాత తెర వెనక్కు వచ్చి, మనవరాలిని దగ్గరకు తీసుకుని, "కిష్ణుడి మీద నీకంత కోపం యెందుకొచ్చిందే?" అని ముద్దుగా అడిగింది. అమ్మాయి నాకేసి చూసింది. "నాయనమ్మ ఏమంటోంది?" అని నన్ను ఒడియాలో అడిగింది.

మా అమ్మ మరేమీ అడగలేదు. చీర కొంగుతో దాని మొహం మీది రంగు తుడిచింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో ఒక్క మాట అన్నది: "చిలక బాగానే పలికిందిరా. మనవరాలు యెప్పుడు పలుకుతాదో."

అయ్యలారా, అమ్మలారా! నేనీనాడు చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

లోపం యెక్కడ వుంది? పిల్లలో లేదు. నాటకంలోనూ లేదు. నాటకాన్ని నేను వాడుకున్న తీరులో వుంది. వల్లె వేసిన సంభాషణలో జవాబు ముందే రాసి వుంటుంది. యెదుటివాడు ఏమన్నాడో అర్థం కాకపోయినా, వాడి మాట ఆగిపోయిందని తెలిస్తే చాలు, మన వంతు మాట చెప్పేయవచ్చును. బతుకులో అట్లా జరగదు. కూరల బజారులోనూ, పెళ్ళిపందిట్లోనూ, నాయనమ్మ దగ్గరా యెవరూ మన జవాబు రాసిపెట్టరు. యెదుటి మనిషి మాట వినాలి, అర్థం చేసుకోవాలి, మన మాట మనమే కట్టుకోవాలి. ఈ మూడు పనులూ చేయించే నాటకమైతేనే భాష వస్తుంది. నేను ఆడించినది చివరి పనికి మాత్రం వేషం వేసింది.

ఆ తరువాత చేతికందిన పుస్తకాలు తిరగేశాను. నాలాగా తల పట్టుకున్నవాళ్ళు లోకంలో పూర్వమే వున్నారని తెలిసి కొంత వూరట కలిగింది. కొమీనియస్ అనే మొరేవియా దేశపు విద్వాంసుడు 1650–1654 సంవత్సరాల మధ్య హంగరీలోని షారోష్‌పతాక్ అనే వూరి బడిలో వుండగా, తాను లాటిన్ నేర్పడానికి రాసిన వాచకాన్నే నాటకాలుగా మార్చి పిల్లల చేత ఆడించాడు. హెరాల్డ్ పామర్ అనే ఆంగ్లేయుడు జపాను వెళ్ళి, అక్కడి పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి, చేష్టల ద్వారా ఇంగ్లీషు అనే అర్థం వచ్చే పేరుతో 1925లో ఒక పుస్తకం వేశాడు. లే, నడు, తలుపు తియ్యి అని గురువు చెప్పడం, శిష్యుడు ఆ పని చేయడం, చేస్తూ చేస్తూ మాటలోకి దిగడం అందులోని పద్ధతి. 1978లో అలన్ మేలీ, అలన్ డఫ్ అనే ఇద్దరు కలిసి భాష నేర్పడంలో నాటక పద్ధతుల మీద ఒక పుస్తకం ప్రకటించారు. రాసిన నాటకాన్ని వల్లించి ప్రదర్శించడం తమ వుద్దేశం కాదన్నది ఆ పుస్తకంలోని ముఖ్యాంశం. అది చదివినప్పుడు మా ఇంట్లోని కప్పు నన్ను చూసి నవ్వినట్లయింది.

అంత దూరాలు పోనక్కరలేదు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వుద్యోగం చేసింది మన పర్లాకిమిడిలోనే గదా. 1936లో ఒడిషా రాష్ట్రం యేర్పడినప్పుడు ఆ వూరు యీ రాష్ట్రంలోకి వచ్చింది. సవర భాషకు అప్పటికి బడిపుస్తకం లేదు. పంతులుగారు తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, అతనితో మాట్లాడుతూ ఆ భాష నేర్చారు. నేర్చి, సవర పిల్లలకు వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టించారు. పరాయిభాషను మనిషి నోటి నుంచే నేర్చిన మహానుభావుడాయన. 1907 ప్రాంతంలో విశాఖపట్నం వైపు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల్లోని తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా యెందుకని అడిగాడట. ఆ ప్రశ్న గిడుగు, గురజాడ వంటి పెద్దలను కదిలించింది. వాడుకభాషా వుద్యమానికి అలా ఒక ప్రోద్బలం దొరికింది. గురజాడవారి కన్యాశుల్కం 1892లోనే విజయనగరంలో రంగమెక్కి, 1897లో అచ్చయి, 1909లో పెరిగి మళ్ళీ వచ్చింది. మాట్లాడే తెలుగు తలెత్తుకు నిలబడింది నాటకంలోనే. కాబట్టి మాట్లాడడం నేర్పడానికి నాటకాన్ని ఆశ్రయించడం మనకు కొత్త కాదు, అరువు అంతకంటే కాదు.

ఇక మన తరగతిలో ఏం చేస్తున్నామో మనవి చేస్తాను. ఇందులో ఖర్చు లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక సుద్దముక్క, కొన్ని కాగితపు చీటీలు వుంటే చాలును.

మొదటిది టిక్కెట్ల కిటికీ. బల్ల వెనుక ఒక పిల్లవాడు గుమాస్తా, ముందు నలుగురు ప్రయాణీకులు. "యెక్కడికండీ?" "పలాసకు." "యెన్ని టిక్కెట్లు?" ఇక్కడే తెలుగులోని ఒక చిక్కుముడి విడిపోతుంది. మన పిల్లలు "రెండు పిల్లలు, మూడు మనుషులు" అంటూ వుంటారు. యెన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే. కిటికీ దగ్గర మాత్రం టిక్కెట్లు రెండే, మూడే, కాని మనుషులు ఇద్దరు, ముగ్గురు. "పెద్దలు యెందరు? పిల్లలు యెందరు? పాపకు ఐదేళ్ళు నిండాయా?" అని గుమాస్తా అడగక తప్పదు, ప్రయాణీకుడు చెప్పక తప్పదు. తప్పు చెబితే గుమాస్తా టిక్కెట్టు ఇవ్వడు, వెనుక వరుసలో వున్నవాళ్ళు వూరుకోరు. నాలుగు ఆదివారాలయ్యేసరికి "ఇద్దరు, ముగ్గురు, నలుగురు" అనడం వాళ్ళకు అలవాటయింది. నేను వ్యాకరణం మాట యెత్తలేదు.

రెండవది సుద్దగీత. మీ ఇళ్ళల్లో యీ అనుభవం వుండే వుంటుంది. ఒడియాలో 'ఆమె' అంటే మనము, మేము అని రెండర్థాలూ వస్తాయి. తెలుగులో ఆమె అంటే వేరే మనిషి. మా తరగతిలో ఒక కుర్రవాడు "మాస్టారూ, ఆమె రేపు పూరీ వెళ్తున్నాం" అన్నాడు. ఆ ఆమె యెవర్రా అంటే వాడికి కోపం వచ్చింది. మరొక అమ్మాయి "నాన్నగారూ, మనం సినిమాకు వెళ్తున్నాం, మీరు ఇంట్లో వుండండి" అని చెప్పిందట. తండ్రి చొక్కా తొడుక్కున్నవాడు మళ్ళీ విప్పుకున్నాడట.

దీనికి మేము నేల మీద ఒక గీత గీస్తాము. ఇటు నలుగురు, అటు నలుగురు. ఇటువాళ్ళు, "మేము తిరునాళ్ళకు పోతున్నాం" అంటారు. అటువాళ్ళు, "మమ్మల్ని కూడా తీసుకుపోండి" అని బతిమాలుతారు. బేరం సాగుతుంది. "మా దగ్గర జంతికలున్నాయి", "మా దగ్గర గొడుగుంది" అంటారు. చివరకు ఒప్పుకుని, "సరే రండి, మనం కలిసి పోదాం" అనగానే అటువాళ్ళు గీత దాటి ఇటు వస్తారు. గీత దాటేదాకా మేము, దాటితే మనము. పుస్తకంలో ఒక పుట పట్టే సంగతి ఒక్క అడుగులో తేలిపోతుంది. ఒకనాడు వాళ్ళలో వాళ్ళకు గొడవ వచ్చి, "పో, నీతో మనం లేదు, మేమే" అన్నది ఒక పిల్ల. వాక్యం కుంటిదే, కాని భేదం దానికి తెలిసిపోయింది.

మూడవది పోయిన పార్సిలు. ఇది నా వృత్తి నుంచి తీసుకున్నది. ఒక పిల్లవాడికి చీటీ ఇస్తాను. "నీలం రంగు ట్రంకుపెట్టె, తాళం లేదు, కొబ్బరితాడు కట్టి వుంది, లోపల అల్లుడికి పంపిన పట్టుపంచె వుంది" అని అందులో వుంటుంది. చదవడం రానివాడికి చెవిలో చెబుతాను. రెండవవాడు గుమాస్తా. వాడికి ఆ పెట్టె సంగతి ఏమీ తెలియదు. అడిగి అడిగి తెలుసుకుని దాని బొమ్మ పలక మీద గీయాలి. బొమ్మ తప్పితే పెట్టె దొరకదు. దీనిలోని కిటుకు ఒక్కటే: ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకూడదు. ఇద్దరికీ తెలిసిన సంగతిని మాట్లాడమంటే పిల్లలు మాట్లాడరు, అప్పజెప్పుతారు. "నీ పేరేమిటి?" అని రోజూ చూసే మాస్టారు అడిగితే ఆ ప్రశ్నలో ప్రాణమేముంది? తెలుసుకోవలసిన అవసరం పుడితే మాట దానంతట అదే పుడుతుంది.

నాలుగవది ఒకే మాట, పది నోళ్ళు. "వచ్చావా?" అనే ఒక్క మాట చీటీ మీద రాస్తాను. చీకటిపడ్డాక ఇల్లు చేరిన కొడుకును తల్లి అడుగుతుంది. అప్పు తీసుకుని తప్పించుకు తిరుగుతున్నవాణ్ణి షావుకారు అడుగుతాడు. ఏడాది తరువాత పుట్టింటికి వచ్చిన కూతుర్ని తండ్రి అడుగుతాడు. మాట ఒకటే, గొంతులు మూడు. అదే మాట మామగారితో అనవలసివస్తే "వచ్చారా?" అవుతుంది. ఇది కూడా ఇక్కడే తెలుస్తుంది. పెద్దనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. ఈ వరసలు కూడా చీటీలు పంచి పెళ్ళిపందిరి కట్టి ఆడిస్తాము. అందరినీ అంకుల్, ఆంటీ అనే పిల్లలు ఆ గంటసేపూ బావగారూ, వదినగారూ అంటూ మర్యాదలు చేసుకుంటూ వుంటే చూడముచ్చటగా వుంటుంది.

ఐదవది మీలో కొందరికి నచ్చనిది. అది కుళాయి దగ్గర తగువు. పిల్లలకు తగువులాడడం నేర్పుతారా అని ఒక తండ్రిగారు నన్ను నిలదీశారు. ఆయన ప్రశ్నకు నా జవాబు చివర చెబుతాను.

తప్పులను గురించి ఒక మాట. మన పిల్లలకు "అమ్మ వచ్చాడు" అనడం అలవాటు. ఒడియాలో 'సే ఆసిలా' అంటే వాడు వచ్చాడనీ అవుతుంది, అది వచ్చిందనీ అవుతుంది. క్రియలో ఆడా మగా తేడా లేదు. ఆ భాషలో అది తప్పు కాదు. కాబట్టి పిల్ల అట్లా అన్నప్పుడు మనం పకపకా నవ్వడం అన్యాయం. ఆట మధ్యలో నేను దిద్దను. పాతకాలపు నాటకాల్లో తెర పక్కన కూర్చునే ప్రాంప్టరు మీకు జ్ఞాపకం వుంటాడు. నటుడు మాట కోసం తడుముకున్నప్పుడు ఆ ఒక్క మాట అందిస్తాడు, అంతే. రంగం మీదికి వచ్చి నటుణ్ణి మందలించడు. నేర్పేవాడి పని అదే. విన్న తప్పులు చీటీ మీద రాసుకుంటాను. ఆట అయిన తరువాత వాటిలో రెండో మూడో తీసుకుని, ఆ మాటలు వచ్చే కొత్త ఆట మరొకటి కడతాను. పదహారు తప్పులు ఒకేసారి దిద్దితే పిల్లవాడు పదిహేడవది చేయడు. నోరు మూసుకుంటాడు.

నోరు మూసుకున్న పిల్లవాడు ఒకడు మా తరగతిలో వుండేవాడు. మూడు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. తల్లిదండ్రులు విసిగిపోయారు. ఒకనాడు అట్టముక్కతో ముసలివాడి మొహం చేసి, తెల్లకాగితాల మీసాలు అంటించి వాడికి తగిలించాను. చేతికి కర్ర ఇచ్చాను. కిటికీ దగ్గరకు వచ్చి, "నాకు చెవుడు బాబూ, గట్టిగా చెప్పు" అన్నాడు. అందరం నిర్ఘాంతపోయాము. ఆ పూట గుమాస్తాను పావుగంట సేపు ఏడిపించాడు. తప్పు మాట్లాడితే తనను చూసి నవ్వుతారని వాడి భయం. అట్టమొహం వెనుక వున్నంతసేపూ నవ్వేది ముసలివాణ్ణి చూసి, తనను చూసి కాదు. ఇప్పుడు వాడికి ఆ మొహం అక్కరలేదు.

దీనితో అన్నీ అయిపోతాయని నేను చెప్పను. నాటకం అక్షరాలు నేర్పదు. గుణింతాలు, వత్తులు కూర్చుని దిద్దవలసిందే. అందుకే మా రెండు గంటల్లో ఒక గంట ఆట, ఒక గంట పలక. మరొకటి, నాకు డ్యూటీ మారిన ఆదివారాలు తరగతి కుంటుపడుతున్నది. ముగ్గురు పిల్లలు ట్యూషన్ల వత్తిడి వల్ల మానేశారు, వాళ్ళను ఆపలేకపోయాను. వుగాదికి ప్రదర్శన కావాలని కార్యవర్గం వారు అడిగినప్పుడల్లా నాకు ఇబ్బందే. ఈ ఆటలకు తెరలు లేవు, కిరీటాలు లేవు. చూసేవాళ్ళకు గోలలాగా వుంటుంది.

కాబట్టి మీకు నా విన్నపాలు మూడు. ఒకటి, యీ వుగాది నుంచి రంగం మీద వల్లించే నాటికతో పాటు పది నిమిషాలు రాయని ఆటకు కూడా చోటివ్వండి. సభలోంచి యెవరైనా లేచి ప్రయాణీకుడిగా వచ్చి మా గుమాస్తాను ప్రశ్నలు వేయవచ్చును. పిల్లలు తడబడతారు. అయినా చప్పట్లు కొట్టండి. రెండు, ఇంట్లో రోజుకు ఒక పావుగంట మీరు కూడా వేషం వేయండి. తండ్రి కూరగాయలవాడు, తల్లి బేరగత్తె, పిల్లలు తక్కెడ పట్టేవాళ్ళు. బడిలో నేను వారానికి ఒక గంట ఆడించేది మీ పావుగంటలతో కలిస్తేనే నిలుస్తుంది. మూడు, పిల్లవాడు తెలుగులో తప్పు మాట్లాడినప్పుడు ఒడియాలోకో ఇంగ్లీషులోకో మీరు పారిపోకండి. వాడు తప్పు తెలుగులో అడిగినదానికి మీరు సరైన తెలుగులో జవాబివ్వండి. అదే దిద్దుబాటు.

ఇక కుళాయి తగువు సంగతి. పోయిన సంక్రాంతికి మేము మా వూరు వెళ్ళాము. మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్ళు. భోగినాటి తెల్లవారుజామున వాకిట్లో కేకలు వినబడి లేచి చూశాను. ముగ్గు దగ్గర నాయనమ్మా మనవరాలూ తగువులాడుకుంటున్నారు. "ఇక్కడ చుక్క తప్పింది నాయనమ్మా, ముగ్గు కలవదు" అని ఇది. "నువ్వు పుట్టకముందు నుంచీ పెడుతున్నానే యీ ముగ్గు" అని ఆవిడ. "అయితే అప్పటి నుంచీ తప్పే పెడుతున్నావు" అని ఇది! మధ్యలో మా పెద్దమ్మ వచ్చింది. అమ్మాయి ఆవిడను సాక్ష్యానికి పిలిచి, "చూడండి పెద్దనాయనమ్మా, నాయనమ్మ ఒప్పుకోడు" అన్నది. ఒప్పుకోదు అనాలి. ముగ్గురూ నవ్వేశారు. అమ్మాయి కూడా నవ్వింది గాని వాదన మానలేదు. చివరకు చుక్కలు లెక్కపెట్టారు. తప్పింది మా అమ్మదే.

మా అమ్మ చేతికంటిన ముగ్గుపిండి దులుపుకుంటూ నా దగ్గరకు వచ్చి, "నీ కూతురికి నోరు ఎక్కువైపోనాదిరా, కాస్త అదుపులో పెట్టు" అన్నది. రోజూ యెన్నో ఫిర్యాదులు పుచ్చుకునేవాణ్ణి, అంత సంతోషంగా పుచ్చుకున్న ఫిర్యాదు మరొకటి లేదు.

తగువు యెందుకు నేర్పుతారని అడిగిన తండ్రిగారికి నా జవాబు ఇదే. మర్యాదకు నాలుగు మాటలు చాలును, వాటిని చిలకకు కూడా నేర్పవచ్చును. తగువుకు మాత్రం భాష అంతా కావాలి. యెదుటివాళ్ళ మాట వినాలి, దానికి తగిన మాట అప్పటికప్పుడు కట్టాలి. తప్పు పోయినా వెనక్కు తగ్గకూడదు. నాయనమ్మతో తగువులాడగలిగిన పిల్లకు నాయనమ్మ దక్కుతుంది. ముందుముందు ఆవిడ చెప్పే కథలూ, కష్టాలూ, ఆవిడ వైపు మనుషులూ అందరూ దక్కుతారు.

మన పిల్లలు కూడా యీ పండుగ సెలవుల్లో వూళ్ళకు పోయి, నాయనమ్మలతో, అమ్మమ్మలతో, తాతగార్లతో కరువుతీరా తగువులాడుకోవాలని కోరుతున్నాను.

వచ్చే ఆదివారం పది గంటలకు టిక్కెట్ల కిటికీ తెరుస్తాము. ప్రయాణీకులు కావాలి. పెద్దలు కూడా రావచ్చును.